తెరపై స్త్రీలు, అల్పసంఖ్యాకులు

మొన్నటి వైశాఖమున ఒక పెండ్లికి పోయియుంటిమి. రాత్రి భోజనములైన పిదప పిల్లలు విడిదియింటి నడవలో టెలివిజన్ చుట్టును చేరిరి. పెద్దలలో నిద్రపట్టనివారు కొందరు గోడకు చేరగిలబడి వారితోపాటు చూచుచుండిరి. ఏదో తమిళ చిత్రము. అందులో లావుపాటి మనిషి యొకడు ప్రవేశించి, సగము తెలుగు, సగము తమిళము కలిపి, దీర్ఘములు తీసి రెండు ముక్కలు మాటలాడెను. నడవ యంతయు నవ్వెను. పెద్దలును నవ్విరి, దాపరికమెందుకు, మేమును నవ్వితిమి. ఆ మనిషికి కథలో చేయవలసిన పని యేదియు లేదు. ఆ రెండు ముక్కలు పలికి, ఒక చెంపదెబ్బ తిని వెడలిపోయెను.

తెల్లవారి వేలూరు బస్సులో మా ముందు సీటున ఒక అవ్వయు, తొమ్మిదేండ్ల మనుమరాలును కూర్చుండిరి. రాత్రి నడవలో చూచిన పిల్లయే. అవ్వ తన యలవాటు చొప్పున గొంతెత్తి ఏదో చెప్పుచుండగా ఆ పిల్ల చుట్టును చూచి, అవ్వ మోచేయి పట్టుకొని, "అవ్వా, బస్సులో తెలుగు మాట్లాడొద్దవ్వా, అందురూ చూస్తా వుండారు" అనెను. అవ్వ ఒక్క నిమిషము ఊరకుండి, పిదప తమిళమున మాట మొదలుపెట్టెను. వేలూరు చేరువరకు వారిరువురి నడుమ మరల తెలుగుమాట వినబడలేదు.

ఆ పిల్లను బడిలో ఎవ్వరును ఏమియు అనియుండకపోవచ్చును. మన యిరుగుపొరుగు తమిళులు అట్టివారు కారు. వారితో మనకు గల నెయ్యము తాతముత్తాతల నాటిది. ఐనను ఆ పిల్లకు తన భాష నవ్వులాటకు పనికివచ్చునది యని ఎవ్వరో నేర్పిరి. ఎవ్వరు నేర్పిరో ఆ రాత్రి మేము కన్నులార చూచితిమి గనుకనే ఈ వారము ఈ విషయమును ఎత్తుకొనుచున్నాము. సినిమాలనుగూర్చి సంపాదకీయమా యని మన పెద్దలలో కొందరు ముఖము చిట్లింపవచ్చును. రుసుములు, పాఠ్యపుస్తకములు, తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలు మొదలైనవానిని గూర్చి ఎన్నియో మారులు వ్రాసితిమి, మరల వ్రాయుదుము. కాని తెలుగు చదువుటకు పిల్ల సిగ్గుపడినచో ఆ ఉపాధ్యాయుడు వచ్చియు ఎవరికి చెప్పును?

2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగును మాతృభాషగా వ్రాయించుకొన్నవారు 42 లక్షలకు పైబడియున్నారు. నూటికి ఇంచుమించు ఆరుగురు. తమిళము తరువాత ఈ రాష్ట్రమున ఎక్కువమంది మాతృభాష మనదే. మనము నిన్న మొన్న బండి దిగినవారము కాము. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడునంతవరకు ఇటు వేలూరు, గుడియాత్తము, అటు చిత్తూరు అన్నియు ఉత్తరార్కాటు జిల్లాయే. ఆ జిల్లాకు ముఖ్యస్థానము చిత్తూరే. మనము ఇల్లు కదలలేదు, గీత మాత్రము మన పెరటివెనుక నుండి పోయినది. ఇట్టి ఆరుగురిలో ఒక రైతు, ఒక ఉపాధ్యాయిని, ఆంబూరు, రాణిపేట తోలు కర్మాగారములకు తెల్లవారకమునుపే బస్సెక్కు ఒక పడుచు తెరమీద మనకు కనబడరు. కనబడువాడు ఆ లావుపాటి మనిషి ఒక్కడే.

న్యాయముగా మరియొక మాటయు చెప్పవలెను. తెలుగు చిత్రములలో తమిళుడు కనబడినచో వాని గతియు ఇంతే. "అరవ" యను మాటతోనే నవ్వు మొదలగును. సాంబారు, ఇడ్లీ, వంకరపలుకు, అంతటితో పాత్ర పూర్తి. అంతమాత్రమే కాదు. తెలంగాణము మాండలికమును ఎన్నియో ఏండ్లు హాస్యగానికో, దుర్మార్గునికో కట్టబెట్టి, నాయికానాయకులకు కోస్తా పలుకుబడి నిచ్చిరి. 2017లో వచ్చిన "ఫిదా"లో నాయిక ఆ మాండలికముననే ఆద్యంతము మాటలాడగా జనులు ఆశ్చర్యపడి ఆదరించిరి. ఆ పాత్ర ధరించిన సాయిపల్లవి నీలగిరి కోటగిరికి చెందిన బడగ కుటుంబపు పిల్ల. తమిళనాటి అల్పసంఖ్యాక భాషావర్గపు పిల్ల తెలంగాణము యాసను తన సొంతగొంతుతో పలికి మెప్పు పొందినది. మన పిల్లలకు ఈ సంగతి చెప్పుట మంచిది.

ఈ మాటలన్నియు మన పఠనాలయమునకు వచ్చు ఒక కళాశాల విద్యార్థినితో ప్రస్తావించితిమి. ఆమె జపాను బొమ్మల చిత్రములయందు మిక్కిలి ఆసక్తి గలది. "మీరు ఇంగ్లీషు సినిమాలనూ, మన సినిమాలనూ చూసి విసుగుపడుతున్నారు గానీ, జపాను కథలు చూడండి. అక్కడ ఆడపిల్లే కత్తి పడుతుంది, ఆడపిల్లే కథ నడుపుతుంది. ఇంగ్లీషు సినిమాలో ఆడదంటే చివర దొరికే బహుమానం" అని ఆమె వాదించినది. మన యిండ్లలో పిల్లలు డోరేమాన్, షిన్‌చాన్ అను జపాను బొమ్మలను తమిళమునను తెలుగునను చూచుచునే యున్నారు గదా, ఈ వాదమున ఎంత నిజమున్నదో విచారింతమని మేమును పూనుకొంటిమి. విచారించినకొలది సంగతి ఆమె చెప్పినంత సులువుగను లేదు, మేము తలచినంత దూరమునను లేదు.

మొదట రంగస్థలము మాట. 1603లో క్యోటో నగరమున ఓకుని యను స్త్రీ ఆడిన ఆటలనుండి కబుకి నాటకము పుట్టినదని జపాను చరిత్ర. 1629లో అక్కడి ప్రభుత్వము స్త్రీలు రంగమెక్కరాదని నిషేధించెను. నాటకమును పుట్టించిన స్త్రీలకే నాటకశాల తలుపు మూసివేసిరి! అటుపిమ్మట స్త్రీపాత్రలను పురుషులే ధరించుచు, ఆ విద్యను తరతరముల కళగా పెంచిరి. ఇంగ్లాండులో కథ వేరుదారిన నడచినది. షేక్స్‌పియరు నాటకములలో స్త్రీపాత్రలు మగపిల్లలవే. 1660 తరువాతనే స్త్రీలు రంగమెక్కిరి. ఇంచుమించు ఒకే తరమున ఒకచోట తలుపు మూసికొన్నది, మరియొకచోట తెరచుకొన్నది.

మనకు ఇందు వింత లేదు. ధర్మరాజుల తిరునాళ్ళలో తెల్లవార్లు కూత్తు చూచినవారికి ద్రౌపది మీసము గొరిగించుకొన్న మగవాడేనని తెలియును. ఆ ద్రౌపదికే మన అమ్మలక్కలు కన్నీరు కార్చిరి. కూచిపూడి భాగవతులలో సత్యభామ మగవాడే. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి స్త్రీలు నడక నేర్చిరని పెద్దలు చెప్పుకొనెడివారు; 1956లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. ఇంకొకప్రక్క, 1885లో కడపసీమ సురభి గ్రామమున మొదలైన నాటకసమాజమున ఇంటి స్త్రీలే రంగమెక్కిరి. శ్రీకృష్ణాది పురుషపాత్రలను సైతము ధరించిరి. సంసారస్త్రీలు ముఖమునకు రంగు పూసికొనుటయే పాపమని లోకము తలచు కాలమది. సురభివారి ధైర్యమునకు రావలసిన మన్నన ఇప్పటికిని రాలేదని మా యభిప్రాయము.

జపానులో సురభిని తలపింపజేయునది తకరజుక. ఒసాకా ప్రాంతమున రైలుమార్గము నడుపు కొబయాషి యను వ్యాపారి, తన దారి చివరనున్న ఊరికి ప్రయాణికులను రప్పించుటకై, 1913లో బాలికలతో ఒక గాయనబృందమును నెలకొల్పెను. 1914లో తొలి ప్రదర్శనము. రైలు టిక్కెట్లు అమ్ముటకు పుట్టిన యాట నూరేండ్లు దాటి నేటికిని నడచుచున్నది. అందు నటులందరు అవివాహిత స్త్రీలే. పురుషవేషము ధరించు తారలకే కీర్తి యెక్కువ. ప్రేక్షకులలోను స్త్రీలే యెక్కువ. కబుకి యొకవైపు, తకరజుక మరియొకవైపు. ఆ తకరజుకలోనే పెరిగిన తెజుక ఒసాము అను చిత్రకారుడు 1953లో మగవేషముతో కత్తిపట్టు రాకుమారి కథ నొకదానిని బాలికల పత్రికకు వ్రాసెను. 1972లో ఇకెద రియొకొ అను రచయిత్రి ఫ్రెంచి విప్లవకాలపు కథలో మగవానివలె పెరిగిన సేనాని యొకతెను సృష్టింపగా, 1974లో తకరజుకవారు దానిని రంగమెక్కించిరి. మా విద్యార్థిని చెప్పిన కత్తిపట్టు ఆడపిల్ల ఈ దారిన వచ్చినది.

ఇందు మేము ముఖ్యముగా గమనించినది కత్తిని కాదు. జపానులో బాలికలకు ప్రత్యేకముగా పత్రికలు వెలసినవి. వానికి వ్రాయువారు, గీయువారు నానాటికి స్త్రీలైరి. చదువరియు స్త్రీ, వ్రాతగత్తెయు స్త్రీ. 1946లో హసెగావ మచికొ అను స్త్రీ దినపత్రికలో గీయ మొదలుపెట్టిన "సజయే" అను గృహిణి కథ 1969 నుండి టెలివిజన్‌లో వారము వారము వచ్చుచునే యున్నది. ఆ సజయే పెండ్లియైన పిదపను భర్తతో తన పుట్టింటనే యుండును. మన యిల్లరికపుటల్లుని కథలలో అల్లుడు నవ్వులపాలగుటయే ఆచారము. అక్కడ ఆ అల్లుడు మర్యాదస్థుడు. ఇదంతయు చూచి జపాను తెరమీద స్త్రీకి కొదువలేదని తలచిన పొరబాటే. మన పిల్లలు చూచు డోరేమాన్‌లోనే షిజుక యను పిల్ల చదువరి, నెమ్మది, కడకు నాయకునికి కాబోవు భార్య. అంతకు మించి ఆమె కోరినదేమో కథ అడుగదు. తకరజుకలో ఆడువారు స్త్రీలైనను చిరకాలము వ్రాసి, ఆడించి, ఏలినవారు పురుషులే.

ఇక దర్శకత్వము. జపాను మహానటి తనక కినుయొ 1953లో తన మొదటి చిత్రమునకు దర్శకత్వము వహించెను. సరిగా ఆ 1953లోనే మదరాసున మన భానుమతీ రామకృష్ణగారు "చండీరాణి"ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో ఏకకాలమున తీసి దర్శకత్వము నెరపిరి. ఇంకను వెనుకకు పోయినచో 1936లో టి.పి. రాజలక్ష్మిగారు తమిళమున "మిస్ కమల" తీసిరి. హాలీవుడ్డున దర్శకత్వమునకు స్త్రీకి ఆస్కారు బహుమానము తొలుత వచ్చినది 2010లో, కాత్రిన్ బిగెలోకు. మదరాసులో మూడు భాషల చిత్రము నొక స్త్రీ చేతిమీద నడపిన యేబదియేడేండ్లకు! ఇది చదివి మన ఆడపిల్లలు కొంచెము తల యెత్తుకొన్నను మాకు సంతోషమే.

స్త్రీల మాట యిట్లుండగా అల్పసంఖ్యాకుల మాట వేరు. ఇచ్చట జపాను దారియు పడమటి దారియు స్పష్టముగా విడిపోవుచున్నవి.

అమెరికాలో తెల్లవారు కానివారిని తెరమీద చూపిరి; చూపి అవమానించిరి. 1915లో "బర్త్ ఆఫ్ ఎ నేషన్" అను చిత్రము నల్లవారిని రాక్షసులుగా చూపెను. 1937లో చైనా రైతు కుటుంబపు కథయైన "గుడ్ ఎర్త్"లో ఆ రైతు భార్యగా నటించి ఆస్కారు గెలుచుకొన్నది ఐరోపా స్త్రీ లూయీ రైనర్. అప్పటికే పేరుపొందిన చైనా సంతతి నటి అన్నా మే వాంగ్‌కు ఆ పాత్ర దక్కలేదు. 1934 నుండి గట్టిగా అమలైన నీతినియమావళి తెల్లవారికిని నల్లవారికిని ప్రణయము చూపరాదని శాసించెను. 1940లో హ్యాటీ మెక్‌డేనియల్ అను నల్లజాతి నటి ఆస్కారు గెలిచిన రాత్రి, ఆమెను తక్కిన నటులకు దూరముగా వేరొక బల్లవద్ద కూర్చుండబెట్టిరి. 1961లో ఒక తెల్లనటుడు పండ్లు ముందుకు పెట్టుకొని జపానువాని వేషము కట్టగా లోకము నవ్వెను. మనవారిని సైతము వదలలేదు: 1990 నుండి ముప్పదియేండ్లు "సింప్సన్స్" బొమ్మల కథలో అపూ అను భారతీయ దుకాణదారునికి వంకరయాస గొంతు నిచ్చినది ఒక తెల్లవాడే, 2020లో గాని అతడు దానిని మానలేదు. ఆ అపూను చూచినప్పుడెల్ల మాకు విడిదియింటి నడవలోని లావుపాటి మనిషి జ్ఞాపకమునకు వచ్చును.

ఐతే అక్కడ మరియొకటి జరిగినది. 1909లో ఏర్పడిన నల్లవారి హక్కుల సంఘము 1915 నాటి ఆ చిత్రముపై ఊరూర నిరసన తెలిపెను. నాడు చిత్రము ఆగలేదు. కాని నిరసనము అలవాటైనది. వారికి సొంత పత్రికలు, సంఘములు, దేవాలయములు ఉండెను. అవమానము కంటికి కనబడుచుండెను గనుక వ్రేలు చూపి "ఇది తప్పు" అనుటకు వీలుండెను.

జపానులో అవమానింపలేదు, కనబడనీయలేదు. ఉత్తరదిక్కున హొక్కైదొ ద్వీపపు ఆదివాసులు ఐనులు. 1899లో వారికై చేసిన చట్టము రక్షణ పేరున వారిని రైతులుగా, జపానీయులుగా మార్చుటకు ఉద్దేశింపబడినది. 1997 వరకు అది రద్దు కాలేదు. ఐనులు ఆదివాసి జాతియని చట్టములోనే ఒప్పుకొన్నది 2019లో. ఇట్లుండగా తెరమీద వారెక్కడ? 2014 నుండి 2022 వరకు వెలువడిన "గోల్డెన్ కముయి" అను చిత్రకథ ఒక ఐను బాలికను సూటిగా నాయికను చేసినది. ఆమె వేటాడును, వండును, తన భాషలో మాటలాడును. ఆ భాష తప్పుపోకుండ ఒక భాషాశాస్త్ర ఆచార్యుడు సరిచూచెను. ఆ కథ చదివి ఐను మాటలు నేర్చుకొన్న జపాను యువకులు కలరు. పిదప 2024లో దానిని నటులతో చిత్రముగా తీసినప్పుడు ఆ బాలిక పాత్రను ఐను పిల్లకు గాక జపాను నటికే ఇచ్చిరి. "గుడ్ ఎర్త్"కు ఎనుబదియేడేండ్ల పిమ్మట!

అక్కడి కొరియనుల కథ మనకు మరింత దగ్గర. వలస ప్రభుత్వకాలమున జపాను చేరి, మూడు నాలుగు తరములుగా అక్కడనే పుట్టి పెరిగినవారు. వీథిలో జపాను భాష తప్ప ఎరుగరు. వారిలో అనేకులు ఇంట ఒక పేరు, బయట జపాను పేరు పెట్టుకొందురు. నటులు, గాయకులు, ఆటగాండ్రలోను అసలు పేరు దాచుకొన్నవారు కలరు. 1968లో ఓషిమ నగిస "ఉరిశిక్ష" అను చిత్రమున ఒక కొరియను యువకుని కథను ముందుపెట్టి జపానువారిని ప్రశ్నించెను. 2001లో వచ్చిన "గో" అను చిత్రము అట్టి విద్యార్థి యొకడు తాను ప్రేమించిన పిల్లకు తన అసలు పుట్టుక చెప్పలేక పడిన అవస్థను చూపినది. చెప్పిన రాత్రి ఆమె వెనుదిరుగును. బస్సులో అవ్వ మోచేయి పట్టుకొన్న పిల్ల మరియొక పదేండ్లకు అట్టి రాత్రి యొకటి చూడకుండవలెనని మా కోరిక.

రెంటిలో ఏది మేలని విద్యార్థిని మమ్ము మరల అడిగెను. వెక్కిరింపబడుట కంటె మరువబడుటయే కష్టమని మాకు తోచుచున్నది. వెక్కిరింపునకు జవాబు చెప్పవచ్చును. లేనిదానికి ఏమి జవాబు? ఆమె ఒప్పుకొనలేదు. "వెక్కిరించినప్పుడు ఇంటి పిల్లే ఇంటిభాష వదిలేస్తుంది, మరిచిపోతే కనీసం ఇంట్లో మిగులుతుంది" అన్నది. ఆమె మాటను త్రోసివేయ మాకు చేతకాలేదు.

ఇప్పుడు ఇంటివైపు తిరిగి చూతము. మనమందరము ప్రాణప్రదముగా చూచుకొను చిత్రము "మిస్సమ్మ". 1955లో విజయావారు ఎల్.వి. ప్రసాదు దర్శకత్వమున తెలుగునను తమిళమునను తీసిరి. మన యిండ్లలో రెండు భాషలలోను చూచినవారే యెక్కువ. రామారావు మేలా జెమినీ గణేశన్ మేలా యని భోజనముల దగ్గర నేటికిని తగవు తెగదు, సావిత్రి దగ్గర మాత్రము తగవులేదు. కథ మీకు తెలిసినదే. ఉద్యోగము కొరకు పెండ్లికాని ఇరువురు భార్యాభర్తలుగా నటింతురు. అతడు హిందువు, ఆమె క్రైస్తవురాలు, పేరు మేరి. చదువుకొన్నది, పట్టుదల గలది, పరాయి యింట పరాయి ఆచారములు నెత్తిన పడినప్పుడు చిరాకు దాచుకొననిది. అల్పసంఖ్యాకవర్గపు స్త్రీని నాయికను చేసి, ఆమె కోపమునకును గౌరవమిచ్చి, లోకముచేత ప్రేమింపజేసిన చిత్రము మన భాషలో దానికి ముందు మాకు జ్ఞాపకము లేదు.

కాని కడపట ఏమి జరిగినది? మేరి మేరి కాదు. జమీందారు చిన్ననాట తప్పిపోయిన కూతురు మహాలక్ష్మియే ఈ మేరి. కాలిమీది పుట్టుమచ్చ సాక్ష్యము. ఇక చిక్కులేదు, పెండ్లికి అడ్డులేదు. కథ యంతయు మేరితో కాపురము చేసి, కడపట మేరిని పంపివేసి మహాలక్ష్మిని పిలుచుకొన్నాము. నవ్వులలో ఎవరికిని ఆ సంగతి పట్టలేదు. ఆ చిత్రమును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. ఇప్పటికి పది మారులు చూచితిమి, మరల చూతుము. కాని పుట్టుమచ్చ లేకున్నను ఆ పెండ్లి జరుగరాదా? వేలూరులో 1918లో వైద్యవిద్యాలయము పెట్టిన ఐడా స్కడ్డరు దొరసానమ్మ సంస్థనుండి మన కనియంబాడి పల్లెలకు ఏండ్లతరబడి నర్సులు, డాక్టరమ్మలు వచ్చుచున్నారు. వారిలో మేరిలు ఎందరో. పురిటింట వారి చేతిలో పడిన బిడ్డలు మనలోనే యున్నారు. ఏ పుట్టుమచ్చయు చూడకయే మన తల్లులు వారిని అమ్మాయని పిలిచిరి.

1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి "మాలపిల్ల" ఈ విషయమున మరింత నిక్కచ్చి. అక్కడ నాయిక పుట్టుక మారదు. మాలపిల్ల మాలపిల్లగానే బ్రాహ్మణయువకుని పెండ్లాడును. ఆ పాత్రకై ఆ కులపు పిల్లను వెదకలేదు, కాంచనమాలను పెట్టిరి. ఆ కాలమున అంత దూరము నడచుటయే గొప్ప. ఆ కాలమున కేరళమున ఏమి జరిగినదో చూడుడు. మలయాళపు తొలి చిత్రమైన "విగతకుమారన్"లో పి.కె. రోసీ అను దళితస్త్రీ నాయరు స్త్రీ పాత్ర ధరింపగా జనులు ఆగ్రహించి ఆమెను ఊరు వెడలగొట్టిరి. ఆమె తమిళదేశము చేరి, నటిగా తన పేరెత్తకయే జీవితము గడపినది.

తమిళులు మనకు చేసిన మర్యాదయు చెప్పకపోయినచో కృతఘ్నత. 1942లో "కన్నగి" చిత్రమున తమిళుల ఆరాధ్యదేవతయైన కన్నగిగా నటించినది తెలుగునటి పసుపులేటి కన్నాంబ. ఆమె తమిళమును తమిళులే తలయూచి మెచ్చిరి. ఈ నేలమీద వెక్కిరింపు మొదటినుండి ఉన్న ఆచారము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

అనంతరము నాయికకు గొంతే లేకుండ పోయినది. దూరదేశములనుండి నటీమణులను తెచ్చి, వారి పెదవులకు వేరొకరి మాటను అతికించుట తెలుగు, తమిళ చిత్రములలో చాలకాలముగా ఆచారము. తెరమీద నొక స్త్రీ, తెరవెనుక పేరు తెలియని మరియొక స్త్రీ. నాయకుని గొంతు మాత్రము సామాన్యముగా నాయకునిదే. దీనిని మేము చిన్న విషయముగా భావింపము.

ఇన్ని దేశముల తప్పులెన్నిన పిదప మన సంఘపు తప్పు చెప్పకుండుట తగదు. గత వార్షికోత్సవమున మన యువకులు ఆడిన హాసికను తలచుకొనుడు. చీర కట్టిన మగవాడు అత్తగారై గయ్యాళితనము చేసెను. పూసలమ్ము నరికురవ స్త్రీ యొకతె వచ్చి వంకరభాష మాటలాడి నవ్వించెను. గుడ్డలమ్ము ఉర్దూ సాయిబు ఒకడు మోసము చేసి పట్టుబడెను. మనము చప్పట్లు కొట్టితిమి. ఈ పత్రికలోను "ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించినది" అని మేమే వ్రాసితిమి. స్త్రీల విభాగపు సభ్యురాలొకరు మరునాడు వచ్చి, "మమ్మల్ని చూసి నవ్వినందుకు సినిమావాళ్ళ మీద కోపం, మనకంటే తక్కువమంది వున్నోళ్ళను చూసి మనం నవ్వొచ్చునా?" అని యడిగిరి. ఆ మాటను ఆ వారమే అచ్చువేయవలసియుండెను. వేయలేదు. తప్పు మాదే.

రాబోవు వార్షికోత్సవపు నాటకములకు ప్రతులు పంపుమని కార్యవర్గము ప్రకటించియున్నది. ఈ యేడు మా విన్నపములు కొన్ని. ప్రతులను ఎంచు సంఘమున ఇంతవరకు స్త్రీ యొకతెయు లేదు, ఇరువురినైనను చేర్చవలెను. చీర కట్టిన మగవానిని మేము వలదనము. కూత్తు చూచి పెరిగినవారము, ద్రౌపది వేషము కట్టగలవాడు కట్టవచ్చును. కాని చీర కట్టుటయే హాస్యమనుకొన్న ప్రతిని పంపకుడు. పురుషపాత్రను చక్కగా నటింపగల పిల్లలు మనలో ఉన్నారు, వారిని అడుగుడు. నాటకములో తమిళ పొరుగువాడు వచ్చినచో వాని మాటను తమిళము బాగుగా తెలిసినవారిచేత దిద్దించి, వానికి కథలో ఒక పనినిచ్చి పంపుడు. నరికురవల గూర్చి వ్రాయువారు ముందుగా వారి వాడకు పోయి రావలెను, దూరము లేదు.

విద్యార్థిని తానే ఒక నాటిక వ్రాయుచున్నానని చెప్పినది. బస్సులోని అవ్వ కథయట. ముగింపు ఇంకను తేలలేదు. అవ్వ పాత్రకు గొంతు గట్టిగా గల పెద్దలు కావలెను. ఇష్టమున్నవారు ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు పఠనాలయమునకు రావచ్చును.